పేరు రాయని కాగితం

కమిసావా,
9 మార్చి 1957

చిరంజీవి సౌభాగ్యవతి మిసావోకు మీ అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం బాగున్నాం. నువ్వూ బాగున్నానని రాశావు గాని, నీ ఉత్తరం చివరి వాక్యం చదివాక నేను నమ్మలేదు. ఆ సంగతి కింద రాస్తాను.

నాన్న దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది, సణుగుడు పెరిగింది. సినిమావాళ్ళు నిజంగా వచ్చారా అన్నావు. వచ్చారే! యుద్ధం తర్వాత పల్లెటూరి ఆడవాళ్ళు ఏం చదువుకుంటున్నారో సినిమా తీస్తారట. వాళ్ళకు పెద్ద ఒనుకి అనే అమ్మాయి, నీ ఈడుదే. ప్యాంటు తొడుక్కుని మంచులో గట్లు దూకేస్తుంటే మీ నాన్న, "ఆడపిల్లా, మగపిల్లాడా?" అని ఆ పిల్లకు వినబడేలా అడిగారు. నా తల కొట్టేసినట్టయింది.

మా స్త్రీల తరగతిలో ఎవరి సంగతులు వాళ్ళు పేరు లేకుండా రాసి బుట్టలో వేస్తాం. ఎవరి చేతికి ఏది వస్తే అది పైకి చదవాలి. ఆ రోజు కెమెరా చప్పుడు వినబడకుండా దానికి బొంత కప్పారు, చలిజ్వరం వచ్చిన మనిషికి కప్పినట్టు. నా వంతు వచ్చింది. చదివాను.

"మా ఇంట్లో అన్నం గరిటె అత్తగారిది. అందరికీ వడ్డించాక అడుగున మిగిలిన మాడు నాది, అదీ చల్లారాక."

నాకు ఒళ్ళు మండిపోయింది. "సుయెకో! ఇంటి గుట్టు రచ్చకీడుస్తావా?" అని మీ వదిన మీద అరిచేశాను, కెమెరా ఎదుటే!

"అయ్యో అత్తయ్యా, నేను రాసింది పట్టుపురుగుల గురించి!" అంది పాపం, ముఖం పాలిపోయి.

ఇంతలో వెనక నుంచి ముసలి ఇసె లేచింది. "నీకెందుకే కోపం, తోమె? అది మా ఇంటి సంగతి కదూ?" ఇంకొకావిడ, "కాదు, మాదే," అంది. అందరూ గొల్లున నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ పూట గరిటె తీసి సుయెకో ముందు పెట్టాను. ఇంటి పెత్తనమంతా ఉన్న ఆ గరిటెను మా అత్తగారి చేతిలోంచి అందుకోవడానికి నాకు పద్దెనిమిదేళ్ళు పట్టింది. సుయెకో తీసుకోలేదు. "మీ దగ్గరే ఉండనీయండి అత్తయ్యా. నాకు వేడి అన్నం చాలు," అంది. ముందు దానికే వడ్డించాను. మీ నాన్న ఖాళీ గిన్నె పట్టుకుని నోరు తెరుచుకుని చూశారు.

మర్నాడు ఒనుకి వచ్చి, "అమ్మగారూ, మీరు అరిచిన ముక్క తీసేయమంటారా?" అంది. తీసెయ్ తల్లీ, పరువు పోతుంది అన్నాను.

ఇప్పుడు అసలు మాట. "తిన్నావా అని ఇక్కడ నన్నెవరూ అడగరమ్మా" అని రాశావు చూడు, అది చదివి మీ అత్తగారిని నోటికొచ్చినట్టు తిట్టాను. నేను తిడుతున్నంతసేపూ సుయెకో నా వెనకే కూర్చుని మాడు గీక్కుని తింటోంది. తరగతిలో అందరూ నవ్వుతుంటే అది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయానే.

అందుకే, తీసెయ్ అన్నదాన్నే, వెళ్ళిపోతున్న ఒనుకిని వెనక్కి పిలిచి చెప్పాను: ఆ ముక్క ఉంచు, కానీ నా కూతురి ఊళ్ళో కూడా ఆడించాలి అని. ఒప్పుకుంది. వేసవిలో మీ బడిలో తెర కడతారట. మీ అత్తగారిని ముందు వరసలో కూర్చోబెట్టు. నన్ను చూసి కడుపుబ్బా నవ్వుకోనీ, వియ్యపురాలు కదా. ఇంటికెళ్ళాక ఆ పూట నీకు ఎప్పుడు వడ్డించిందో మాత్రం నాకు రాయి.

ఇట్లు,
ఊరందరి ముందూ నోరు పారేసుకున్న మీ అమ్మ,
తోమె