ఎర్రదారం కట్టిన సీసాలు

ఆగస్టు 9, ఆదివారం

చెల్లికి,

అక్క ఆశీస్సులు. నీ ఒంట్లో బాగుందని, నీ కుట్టుపని సాగుతోందని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమం. ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చి అక్కాచెల్లెళ్లమనిపించుకున్న మనం ఆరేళ్లుగా ఒక్క ముక్క రాసుకోలేదు. నిన్న కొత్త కోడలు అడిగిన మాట నిద్రపోనివ్వక ఇప్పుడు కలం పట్టాను.

తనకి డాబా మీద నీళ్ల పని అప్పగించాం. నీకు తెలిసిందే. బావినీళ్లు గుడ్డతో వడగట్టి, తేట సీసాల్లో నింపి, రేకుల మీద పడుకోబెట్టాలి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ తగిలి నీళ్లలో క్రిములు చస్తేనే సీసా మెడకి ఎర్రదారం. మబ్బు పడితే రెండు రోజులు ఉంచాలి. దారం లేని సీసా వంటింట్లోకి రాకూడదు. అంతా చెప్పాక మీ బావగారు, "జాగ్రత్తమ్మా. మీ చిన్నత్తకి నోటికున్న పని చేతికి లేకే మా అమ్మ పోయింది" అన్నారు. ఈ ఇంట్లో నువ్వొక సామెతవైపోయావు.

ఆయన కిందికి వెళ్లాక కోడలు మెల్లగా అడిగింది.

"దారం చూసే పోశానని చిన్నత్తయ్య అందట కదా అత్తయ్యా, ఎవరూ నమ్మలేదా?"

లేదన్నాను. ఎలా నమ్ముతారు? "మీకన్నా సూర్యుడే నయం, సాయంత్రానికైనా చల్లబడతాడు" అని అత్తయ్యతోనే అన్నదానివి. అప్పుడు ఆవిడా నవ్వింది. వాంతులు, విరేచనాలతో మూడోరోజు ఆవిడ కన్నుమూశాక ఆ మాటే నీ మెడకి చుట్టుకుంది. మరిది నీ పెట్టె వాకిట్లో పెడుతుంటే నువ్వు నా వంకే చూశావు. నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటున్నాను. పెద్దది నెమ్మదస్తురాలు, నిజమైతే చెప్పేదే అనుకున్నారంతా.

మరిది నీ పేరెత్తడు. నువ్వు కుట్టిన చొక్కా మాత్రం చిరిగినా పారెయ్యడు.

ఉంటాను.

నీ అక్క

తా.క. అత్తయ్య పోయిన ఆ వారం మబ్బు పట్టింది. సీసాలు ఇంకో రోజు ఎండలో ఉండాలి. ఆ సాయంత్రం మన ఇంట్లో ప్రార్థనకి పదిమంది వస్తున్నారు, కడవ అడుగంటింది. దేవుడి పనికి దేవుడే కాపు అనుకుని, ఒక్కరోజే ఉన్న సీసాలకి దారం నేను కట్టాను. నువ్వు దారం చూసే పోశావు. వచ్చినవాళ్లు తట్టుకున్నారు, అత్తయ్య తట్టుకోలేదు.

ఈ కాగితాలు దాచుకో. ఎవరికీ చూపించకు. చూపిస్తే ఈ ఇంట్లో నాకు చోటుండదు. ఆ భయంతోనే కదా, నీకు లేకుండా చేశాను.