క్రేన్ మీద కోడలు

చిరంజీవి కోడలికి (మాజీ అనే మాట రాయడానికి నా కలం ఒప్పుకోలేదు) అత్తయ్య దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ప్రస్తుతానికి నేనొక్కదాన్నే. ఆ సంగతికి తర్వాత వస్తాను. నువ్వూ పాపా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబు చెబుతాను. కన్ను బాగుంది. ఆపరేషన్ కట్టు విప్పి నెల దాటింది. ఇన్నేళ్లూ చెట్టంటే పచ్చటి ముద్ద అనుకున్నాను. ఇప్పుడు ఏ ఆకుకా ఆకు విడిగా కనిపిస్తుంటే వీధి మధ్యలో నిలబడిపోతున్నాను. వెనకనుంచి స్కూటర్లవాళ్లు తిడుతున్నారు, తిట్టనీ. కన్ను బయటికి తీసి కడిగి పెట్టారా అని పాప అడిగిందట కదా. అంతపని చెయ్యలేదనీ, లోపలే తుడిచారనీ చెప్పు. మోకాళ్ల నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. దానికి నన్ను వదిలి ఉండడం చేతకాదు.

ఇక నీ అసలు ప్రశ్న. పాప పోషణకు నా కొడుకును నెలనెలా కట్టమని కోర్టు చెప్పిన డబ్బు ఇరవైరెండు నెలలుగా రాలేదు. వచ్చే గురువారం వాయిదాలో వాడికి సంపాదన ఉందని రుజువు చూపించకపోతే కేసు కొట్టేస్తారని రాశావు. "ఆయన పని లేదంటున్నారు. ఎక్కడైనా చేస్తున్నట్టు మీకు తెలిస్తే చెప్పండి అత్తయ్యా" అన్నావు. ఒక్క పుల్లవిరుపు మాట లేదు. మూడుసార్లు చదివాను. జవాబు కాగితం మీద పెట్టే ధైర్యం లేక, మొన్న సోమవారం నువ్వు పనిచేసే చోటికి బస్సెక్కాను. అవును, వచ్చాను. నీకు తెలియదు.

క్రేన్ నడుపుతున్నానని నువ్వు రాస్తే ఏదో కూర్చుని మీటలు నొక్కే ఉద్యోగం అనుకున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్‌ను నీ గురించి అడిగితే వేలు ఆకాశంలోకి చూపించాడు. తలెత్తాను. ఇంకా ఎత్తాను. ఇంకా ఎత్తాను. పదిహేను అంతస్తులకు పైన అగ్గిపెట్టెంత గాజుగది, అందులో నువ్వు. అటక మీది డబ్బా తియ్యడానికి స్టూలెక్కితేనే కళ్లు తిరుగుతున్నాయనేదానివి కదే!

కింద పచ్చకోటు వేసుకున్న అతను చెయ్యి ఊపాడు. లారీ మీది ఇనపచువ్వల కట్ట, మన ఇంటికంటే పొడుగుంటుంది, గాల్లోకి లేచింది. పనివాళ్లంతా పక్కకు తప్పుకుని పైకే చూస్తున్నారు. అది ఊగలేదు, గిర్రున తిరగలేదు. నిద్రపోయిన పిల్లను భుజం మీంచి మంచం మీదికి దించినట్టు స్లాబు మీదికి దించావు. చప్పుడైనా వినపడలేదు. "ఆమె పైనుంటే కింద మేం భయం లేకుండా తిరుగుతామండీ" అన్నాడు వాచ్‌మన్. మా కోడలే అన్నాను. విడాకుల సంగతి నా నోటికి గుర్తే రాలేదు.

మెడ పట్టేసేదాకా, గంటసేపు చూశాను. అంతమంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని అంత నిదానంగా ఉండగలిగిన మనిషిని, నా ఇంట్లో ఆరేళ్లు ఉప్పెక్కువైందని సాధించాను. ఇంత మనిషివని నేనెరగను తల్లీ. నిజంగా ఎరగను. పిలవకుండానే వెనక్కి వచ్చేశాను. నేను చెప్పాల్సింది అంత ఎత్తుకు అరిచి చెప్పే మాట కాదు.

ఇప్పుడు చెబుతాను. వాడికి పని ఉంది. కార్లకు రంగులు వేసే షెడ్డులో పద్నాలుగు నెలలుగా చేస్తున్నాడు. జీతం పడేది నా ఖాతాలో. "నీ పేరునైతే కోర్టువాళ్ల కంట పడదమ్మా" అన్నాడు, సంతకం పెట్టాను. తెలియక కాదు, తెలిసే పెట్టాను. కాకిపిల్ల కాకికి ముద్దు కదా. పాప ఫీజు కోసం రెండు డ్యూటీలు చేస్తున్నానని నువ్వు రాసిన రోజు కూడా తేలుకుట్టిన దొంగలా ఊరుకున్నాను. నా కంటి ఆపరేషన్‌కు కట్టింది కూడా ఆ డబ్బే. పాప తిండి డబ్బుతో తెచ్చుకున్న చూపుతో నిన్ను చూశానన్నమాట. రెండో కన్ను ఇంకా మసకే. ఉండనీ.

మంగళవారం బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్కులో లెక్కలన్నీ వేయించి మీ లాయరమ్మ చేతిలో పెట్టాను. వాయిదా రోజున జడ్జిగారి ముందు నిలబడి చెబుతానని సంతకం చేశాను. ఈసారి కూడా తెలిసే చేశాను. ఈ సంగతి నీకు నా చేతిరాతతోనే తెలియాలని, రెండు రోజులు నీతో అనవద్దని ఆమెను బతిమాలాను. క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమించేస్తావు, అదే నా భయం.

ఇంటికొచ్చి వాడికీ ముఖం మీదే చెప్పాను. కంచం ముందునుంచి లేచి బట్టలు సంచిలో కుక్కుకున్నాడు. కన్నకొడుకు. అయినా అడ్డం పడలేదు. గుమ్మంలో ఆగి, "నువ్వు నాకు అమ్మవా, దానికి అత్తవా?" అని అడిగాడు.

వాడికి చెప్పిన జవాబే ఇక్కడ సంతకంగా పెడుతున్నాను.

ఇట్లు,
పాప నాయనమ్మ