మూడంతస్తుల కేకు

పెళ్లికూతురైన అక్కకు, కేకు శాఖ మంత్రివర్యుడైన తమ్ముడు సవినయంగా విన్నవించునది:

దొరికిందే అక్కా! నువ్విచ్చిన డబ్బుల్లోనే, నువ్వు కలగన్న మూడంతస్తుల కేకు! వెళ్లిన ప్రతి బేకరీలోనూ మన బడ్జెట్ విని నవ్వారు. చివరి బేకరీ ఆవిడ మాత్రం, "కోసేది పైదొక్కటేగా బాబూ? కింద రెండూ థర్మాకోల్ పెట్టి క్రీమ్ పూసేస్తా. వచ్చినవాళ్లకి మామూలు కేకు లోపలే కోసి పంచండి" అంది. ఆవిడ కాళ్ల మీద పడబోయి, క్రీమ్ బకెట్ చూసి ఆగాను.

బావకు చెప్పకు, ఆయన కడుపులో మాట దాగదు. ఒకవేళ ఉత్సాహంకొద్దీ కత్తి కింది అంతస్తు మీదికి దించాడో, మీ అత్తగారి ముందే మన పరువు థర్మాకోల్ పూసలై రాలుతుంది. అందుకని గబుక్కున ఆయన చెయ్యి పట్టేసుకో. పెళ్లిరోజు కదా, అందరూ మురిసిపోయి చప్పట్లు కొడతారు.

ఇట్లు,
నిజమైన అంతస్తులో వాటా కోరే
నీ తమ్ముడు