పట్టకారు ఇక పాముదే

మంగళవారం, జార్‌బ్రూకెన్

లాక్‌డౌన్‌లో వాళ్ళ ఊళ్ళో చిక్కుకుపోయిన నా రూమ్మేట్ యోనాస్ పెంచుకునే పాము ఇవాళ్టికి తిన్నది! మూడు వారాల పస్తు. గుడ్డు కూడా ముట్టని నేను, దాని తిండికని అతను ఫ్రీజర్‌లో పెట్టిన చచ్చిన ఎలుకను కరిగించి, కళ్ళు మూసుకుని గాజుపెట్టెలో పడేసి పారిపోయేదాన్ని. అమ్మ ఫోన్లో “కాసిన్ని పాలు పొయ్యవే” అంటే, నాగులచవితిలాగా అదీ చేశాను. పాలవైపు చూడనే లేదు.

ఇవాళ వీడియో కాల్లో యోనాస్ నవ్వాడు. “ఎలుకను వేడినీళ్ళలో ఉంచి, పట్టుకుని ఆడించు. అది బతికుందని పాము అనుకోవాలి.”

పొడుగ్గా ఉన్నది నా పుల్కాల పట్టకారొక్కటే. ఎలుకను దాంతో పట్టుకుని, ఏడుస్తూనే ఆడించాను. పాము ఒక్క ఉదుటున పట్టేసింది.

ఈ పరాయి దేశంలో నా పేరు చూసి అందరూ గది లేదన్న రోజుల్లో, ఏమీ అడక్కుండా తాళంచెవి ఇచ్చినవాడు యోనాస్. అతని పాము నా చేతుల్లో పోలేదు, అంతే చాలు. వచ్చేవారం మళ్ళీ ఎలుక...

పట్టకారు పాము పెట్టె పక్కనే పెట్టేశాను. నాకిక అన్నమే.