ఉత్తరపు గోడ వారన నా చోటు

ఐర్లండు దేశం గాల్వే జిల్లా కిల్‌వారాలో ఉంటున్న టామస్ హెషన్ పెద్ద కూతురు సబీనా అనే నేను నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. మా ఇంట్లో నిశానీగా సిలువ గుర్తు కాకుండా సంతకం పెట్టే మొదటి మనిషిని నేనే. క్షయ నా ఊపిరితిత్తులను తినేసింది గాని బుద్ధి జోలికి రాలేదు. ఎవరి బలవంతమూ లేదు.

1. మేనత్త వినిఫ్రెడ్ నాకు రాసిచ్చిన మఠం పొలం, అందులో సిస్టర్షియన్ సన్యాసులు కట్టి విడిచిన గోడలతో సహా, చెల్లెలు డీలియాకు చెందాలి. ఒక్క రాయి కూడా తీయరాదు, అమ్మరాదు.

2. అన్న కోల్మన్‌కు నా ఆవు, దూడ. ఉత్తరపు గోడ పడగొట్టి ఆ రాళ్ళతో కొట్టం కట్టాలని అతని పట్టుదల. "ఒసే చదువులమ్మా, ఎప్పుడో పోయిన సన్యాసుల గోడ మన గొడ్లకు గడ్డేస్తుందా?" అన్నాడు. వేయదు. ఆవునిస్తున్నాను, కొట్టానికి రాయి ఇవ్వను. గోడ మీద చెయ్యి పడితే ఆవు కూడా డీలియాదే.

3. డబ్లిన్ పెద్దమనుషులు వచ్చి తూర్పు కిటికీ బొమ్మ గీసుకుని, అది దేశానికి వారసత్వమన్నారు. ఉత్తరపు గోడలో పనితనం లేదని వదిలేశారు. బాప్తిస్మం అందకుండా పోయిన పసికందులు ఆ గోడ బయటే ఉన్నారు. ఫాదరుగారు మఠం లోపలి శ్మశానంలోకి రానివ్వరని, కన్నతండ్రులు ఎవరి కంటా పడకుండా అక్కడ పాతిపెట్టారు. పేరు చెక్కిన రాయి వాళ్ళకు లేదు. ఆ గోడే వాళ్ళ రాయి. మా అమ్మ పోగొట్టుకున్న బిడ్డలిద్దరూ అక్కడే. నేనెరిగిన వారసత్వం అది.

4. బాప్తిస్మం పొందిన మనిషి సమాధి దగ్గర రాయిని మా ఊళ్ళో ఎవరూ కదపరు. ఆ పసివాళ్ళు లెక్కలోకి రారు గనకే అన్నకు ధైర్యం. అందుచేత మఠం లోపల తాతముత్తాతల పక్కన నాకున్న చోటు వదులుకుంటున్నాను. నన్ను ఉత్తరపు గోడ బయట, వాళ్ళ పక్కన పాతిపెట్టాలి. ఫాదరుగారు ప్రార్థన చదవనంటే, నాకు అక్షరాలు నేర్పిన మిస్ గెరహటీ చదువుతుంది. ఈ వీలునామా అమలు బాధ్యతా ఆవిడదే.

5. అమ్మకు నా ఊలు శాలువా. ఈ మాటలు మిస్ గెరహటీ ఆమెకు చదివి వినిపించాలి: అమ్మా, ఇన్నేళ్ళూ తప్పిపోయిన గొర్రెను వెతుకుతున్నానని చెప్పి ఆ గోడ దగ్గరికి వెళ్ళొస్తున్నావు. మన గొర్రె ఎన్నడూ తప్పిపోలేదు. ఇక పట్టపగలే రా. శాలువా పరుచుకుని కూర్చో. ఎవరైనా అడిగితే, నా కూతురి దగ్గరికి వచ్చానని చెప్పు.

1911 మార్చి 3, కిల్‌వారా.

(సంతకం) సబీనా హెషన్

సాక్షులు:
పీటర్ లాలీ, కమ్మరి
కేట్ ఫాహీ, మంత్రసాని