ఆరో నంబరు పిల్ల

ప్రియమైన రూడీ అన్నయ్యా,

జైల్లో ఉత్తరాలు విప్పి చదివాకే మీకిస్తారన్నావుగా, చదువుకోనీ. ఏ కాలేజీ నుంచీ నాకు సాకర్ స్కాలర్‌షిప్ రాలేదు. ఇక మిగిలినవి మూడు దారులు. కొండ అవతలి చిన్న కాలేజీలో ఆట కోసమని ఎవరికీ చిల్లిగవ్వ ఇవ్వరు. మార్కులు చూసి ఫీజు తగ్గిస్తారు. అక్కడి కోచ్ జట్టులోకి రమ్మని తనే ఫోన్ చేశాడు. లేదంటే మన ఊళ్లోని రెండేళ్ల కాలేజీలో ఆడి, ఎవరి కంటనైనా పడి, తర్వాత పెద్ద చోటికి మారొచ్చు. మూడోది స్టేట్ యూనివర్సిటీ. ఎంపికల రోజున నా బూట్లు నేనే పట్టుకుని, ఎవరూ పిలవకుండా వెళ్లి నిలబడాలి.

అమ్మ చిన్న కాలేజీయే మేలంటోంది. నాకు పెద్ద మైదానం కావాలి. స్కాలర్‌షిప్ పిల్లల పక్కన ఒక్కసారైనా అసలు మ్యాచ్ ఆడాలి. అది దక్కకపోతే నేను దేనికీ పనికిరాననే అనుకుంటాను. నువ్వేమంటావు?

నీ చెల్లి,
తెస్

*

ప్రియమైన పొట్టి రాక్షసీ,

ఇందులో అడగడానికేముందే? పెద్దదానికే వెళ్లు. ఎంపికల్లో వందమంది బంతితో గారడీలు చేస్తారు, ఎవరూ గుర్తుండరు. నువ్వు మొదటి బంతికే వాళ్లలో పేరున్నదాన్ని చూసుకుని నేలకేసి కొట్టు. లేస్తే మళ్లీ కొట్టు. పెరట్లో నీకు నేర్పిందేమిటి? ముందు మోకాలు, తర్వాత మోచెయ్యి, ఆ తర్వాతే బంతి. ఏడ్చినప్పుడల్లా ఇంకో దెబ్బ వేశాను కనకే నువ్విలా తయారయ్యావు.

ఆదివారం మ్యాచ్‌లో ఆ గోల్‌కీపర్ దవడ పగలగొట్టి నేనిక్కడికొచ్చాను. వాడు మాత్రం జన్మలో నన్ను మర్చిపోడు. నిన్నూ ఎవరూ మర్చిపోకూడదు. సిగ్గుపడకు, సారీ చెప్పకు.

నీ అన్న,
రూడీ

*

ప్రియమైన అన్నయ్యా,

తీసుకున్నారు! నువ్వు చెప్పినట్టే మొదటి బంతికే ఒకమ్మాయి ముక్కు పగిలింది. నెత్తురు నా చొక్కా మీద కూడా పడింది. కోచ్ కిన్‌కేడ్ నా పేరు అడిగి రాసుకుంది.

అయితే నాలాంటివాళ్లు మ్యాచ్ ఆడరు. ఉత్తుత్తి జట్టని ఒకటుంది, అందులో ఉంటాం. వచ్చే శనివారం ఎవరితో ఆటో, ఆ వారమంతా మేం వాళ్ల వేషం వేసుకుని మా జట్టు మీదే ఆడాలి. నువ్వు ఫలానా నంబరువని కోచ్ చెబుతుంది, అలా ఆడాలి. అవతలి జట్టు వీడియోలు చూసేది స్కాలర్‌షిప్ వాళ్లే, మాకు కోచ్ నోటిమాటే ఆధారం. పసుపు చొక్కాలు తొడుక్కుంటాం కనక మమ్మల్ని ‘ఆవాలు’ అంటారు. "ఆవాలు చిటపటలాడుతున్నాయి, జాగ్రత్త" అని నవ్వుతారు.

ఈ వారం నేను నది అవతలి యూనివర్సిటీ ఆరో నంబరుని. కోచ్ నా భుజం పట్టుకుని చెప్పింది. "దానికి కనికరం లేదు. బంతిని పోనిస్తుంది గానీ మనిషిని పోనివ్వదు. ఈ వారం నువ్వు అదే."

సోమవారం ఇద్దరిని పడేశాను. మంగళవారం ఒకమ్మాయి పెదవి చీలింది. నిన్న అసలు జట్టులోని మారెన్ బంతి తీసుకుని దూసుకొచ్చింది. జట్టుకి ప్రాణం లాంటిది, నా బూట్లు చిరిగితే తన పాత జత నాకిచ్చింది కూడా. తను బంతి వదిలేశాక తన కాలి మీదికి రెండు కాళ్లతో దూకాను. ఎండుకొమ్మ విరిగినట్టు వినిపించింది. ఎముక మేజోడు చీల్చుకుని బయటికొచ్చింది. మారెన్ గడ్డిని పిడికిళ్లతో పీకుతూ ఉండిపోయింది.

శనివారం మారెన్ చోట నేనే ఆడుతున్నాను. కోరుకున్నది దొరికింది, కానీ భయంగా ఉందన్నయ్యా. మారెన్‌ని చూడటానికి ఆసుపత్రికి వెళ్లనా?

నీ తెస్

*

ప్రియమైన ఆవగింజా,

ఈ వరస గదుల్లో అందరికీ నీ ఉత్తరం చదివి వినిపించాను. ఎముక బయటికొచ్చిన చోట చప్పట్లు కొట్టారు. ఆసుపత్రికి వెళ్లావంటే నీకూ నాకూ చెల్లు. వెళ్తే తప్పు నీదని ఒప్పుకున్నట్టే. నీ పని నువ్వు చేశావు. శనివారం ఆ అసలు ఆరో నంబరుంది చూడు, అది నిన్ను తొక్కకముందే నువ్వు దాన్ని తొక్కెయ్. గెలిచి రాయి.

నీ అన్న,
రూడీ

*

ప్రియమైన అన్నయ్యా,

రెండు గోల్స్ తేడాతో గెలిచాం. ఇప్పుడు అసలు సంగతి విను.

ఆ ఆరో నంబరు పిల్ల కనిపించగానే నా ఒళ్లు మండింది. అంతా దాని వల్లే అనుకున్నాను. మొదటి బంతికే పక్కటెముకల్లో మోచేత్తో పొడిచాను. పడి లేచింది, తిరిగి నా మీదికి రాలేదు. ఇంకోసారి చీలమండ మీద తన్నాను. రిఫరీ పసుపు కార్డు చూపించాడు. ఆట సగమైనా ఆ పిల్ల ఎవరినీ ఒక్కసారి కూడా తన్నలేదు. బంతిని చూస్తుంది, అందితే తీసుకుంటుంది, అందకపోతే పోనిస్తుంది. చివర్లో నేను బురదలో జారి పడితే చెయ్యిచ్చి లేపింది. "నీకేమైనా అయిందా?" అని అడిగింది. నేను పొడిచిన చోటును రెండో చేత్తో అదిమి పట్టుకునే ఉంది.

బస్సులో మా గోల్‌కీపర్ని అడిగాను, ఆ పిల్ల ఎప్పుడూ ఇంతేనా అని. "ఇంతే. వీడియోల్లోనూ ఇంతే," అంది. "వారానికొకర్ని కోచ్ రాక్షసిని చేసి చెబుతుందిలే. ఆవాలు గట్టిగా తగిలితే మాకు శనివారం తేలికవుతుందట. నీకు తెలిసే చేస్తున్నావనుకున్నాం."

అన్నయ్యా, లోకంలో లేని పిల్ల వేషం వేసుకుని నేను మారెన్ కాలు విరిచాను. కోచ్ చెప్పింది నిజమే. దానికి కనికరం లేదు. కానీ ఆ మనిషి మొత్తం మైదానంలో నేనొక్కదాన్నే.

నీకూ నాకూ చెల్లని నువ్వన్నా సరే, ఆసుపత్రికి వెళ్లాను. జరిగిందంతా చెప్పి, తప్పు నాదేనన్నాను. మారెన్ గోడవైపు తిరిగి పడుకుంది. చాలాసేపు కూర్చుని వచ్చేశాను.

సోమవారం కోచ్‌కి చొక్కా తిరిగిచ్చేశాను. జనవరిలో ఆ చిన్న కాలేజీలో చేరుతున్నాను. అక్కడి కోచ్‌కి ఫోన్లో మారెన్ సంగతి దాచకుండా చెప్పాను. వచ్చి ఆడి చూపించమన్నాడు. నేనెలా ఆడతానని అడిగాడు. నువ్వు నేర్పింది తీసేసి, కిన్‌కేడ్ చెప్పింది తీసేసి, నా ఆటంటూ ఏం మిగిలిందో వెతుక్కున్నాను. ఏమీ దొరకలేదు. తెలియదండీ, ఇంకా ఆడి చూడలేదు అన్నాను.

నీ చెల్లి,
తెస్