మూడు సిద్ధాంతాలూ, ఒక బరువైన పేరూ

జోగ్‌జా

పెదనాన్నగారి పాదాలకు,

ఈ ఉత్తరం వల్ల మీ బడికీ, మన వంశానికీ, యావత్తు గణితశాస్త్రానికీ కలగబోయే నష్టానికి ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను. చరిత్ర నన్ను మన్నించదు. మీరైనా మన్నించండి. నేనింకా ఏమీ చెయ్యలేదనుకోండి, అది వేరే సంగతి.

నా పరిశోధన ‘పిల్లల గణిత గుర్తింపు’ మీద. మీరు హెడ్మాస్టరు కాబట్టి, ‘లెక్కలు నావల్ల కాదు’ అనే పిల్లనొకర్తెను చూపించండి. ఆమె గుర్తింపును మూడు సిద్ధాంతాలతో పరిశీలిస్తాను.

మీ దనాంగ్

తా.క. ఫోన్లో చెప్పేవాణ్ణే. సిగ్నల్ కోసం మీరెక్కే జామకొమ్మ విరిగిందని పెద్దమ్మ కబురంపింది.

---

కరంగ్‌సారి

చిరంజీవి దనాంగ్‌ని ఆశీర్వదించి,

నువ్వడిగిన గుర్తింపు ఇందులో పెట్టాను. జనన పత్రం నకళ్ళు మూడు, సిద్ధాంతానికొకటి, పైన ఒక ఫోటో. పిల్ల పేరు రతు మహేశ్వరి కుసుమనింగ్రత్. ఆరో తరగతి. లెక్కల పీరియడ్ వస్తే కిటికీకి అతుక్కుపోతుంది. ఈసారి లెక్కలు తప్పితే బడి మాన్పించి బతిక్ అద్దకానికి పంపేస్తానంటోంది వాళ్ళవ్వ సరింతెన్. పిల్లకేమో చదువుకోవాలనుంది. నీ పరిశోధనతో దానికేమైనా మేలు జరుగుతుందేమో చూడు.

పెదనాన్న విర్యో

తా.క. ఫోటోలో రెండు చెవులూ కనపడాలంటే చెప్పు, మళ్ళీ తీయిస్తా.

---

జోగ్‌జా

పెదనాన్నగారూ, నమస్కారం.

చెవులు అక్కర్లేదు. ఇది కార్డు మీదుండే గుర్తింపు కాదు. ‘నేను లెక్కల మనిషిని’ అనో, ‘కాను’ అనో పిల్ల తన్ను తాను అనుకుంటుందే, అది. మొదటి సిద్ధాంతం ప్రకారం అది ఆమె తన గురించి చెప్పుకునే కథ. రెండోదాని ప్రకారం క్లాసు ఆమెకిచ్చిన చోటు, అంటే ఆ కిటికీ. మూడోది, ఇంట్లోనూ ఊళ్ళోనూ ఎప్పట్నుంచో అంటూ వస్తున్న మాట అంటుంది. ఒకదానికి కనపడనిది ఇంకోదానికి కనపడుతుందని మా ప్రొఫెసరమ్మ. మూడూ కలిపి చూస్తే నాకేమీ కనపడ్డంలేదు. గురువారం వచ్చి పిల్లతోనే మాట్లాడతాను.

మీ దనాంగ్

తా.క. పెద్దమ్మని కర్రపెండలం పిండితో తివుల్ వండమనండి. పరిశోధనకి అత్యవసరం.

---

కరంగ్‌సారి

ఒరే నాయనా,

ఏం చేసి వెళ్ళావురా? ఆ పిల్లని ‘నువ్వెవరు?’ అని మూడు రకాలుగా మూడుసార్లు అడిగావట. వాకిట్లో వక్కాకు నములుతున్న అవ్వ విన్నది. తిన్నగా నా దగ్గరికొచ్చింది.

“పట్నంలో సదివినోడు పిల్ల మొకం సూస్తానే నువ్వెవరని ముమ్మారు అడిగాడయ్యా. అంటే పేరు దానికి అతకలేదన్నమాట. రాణీగారి పేరు మనకొద్దురా అని దాని అయ్యకి అప్పుడే సెప్పా. అంత బరువు మోసేది ఇంక లెక్కలేం మోస్తది?”

“అవ్వా, వాడు చెప్పేది సిద్ధాంతం.”

“మరి నేను సెప్పేదేంటి, సోదా?”

శనివారం, పేరు మార్చేటప్పటి ఆనవాయితీ ప్రకారం ఎర్రజావా తెల్లజావా వండి, ఊరంతా పంచి, పేరు మార్చేసింది. ఇప్పుడది లెగియెమ్, ఊళ్ళో వీధికొకరికుండే తేలిక పేరు.

పెదనాన్న

తా.క. ఎర్రజావలో బెల్లం బాగా పడింది. రెండు గిన్నెలు తాగాను.

---

జోగ్‌జా

పెదనాన్నగారూ,

మునిగిపోయాను. నా పరిశోధనలో ఉన్నది ఒకే ఒక్క పిల్ల, ఆ పిల్ల ఇప్పుడు లేదు. ‘నీ మహేశ్వరి ఏదయ్యా?’ అని ప్రొఫెసరమ్మ అడిగితే ‘జావలో కలిసిపోయిందమ్మా’ అని చెప్పనా? పాత పేరు తిరిగి పెట్టించండి. నాకు పట్టా వచ్చేదాకా చాలు.

కన్నీళ్ళతో, దనాంగ్

తా.క. అవ్వ మాటని నాలుగో సిద్ధాంతంగా తీసుకోవచ్చని నా తోటి విద్యార్థి అన్నాడు. ఆవిడ ఏ పుస్తకంలో రాశారో కనుక్కోండి.

---

కరంగ్‌సారి

చిరంజీవి దనాంగ్‌కి,

కుదరదు. లెగియెమ్ కిటికీ వదిలి ముందు బల్లకొచ్చేసింది. అన్నీ ఒప్పులు చేస్తోందని కాదు, తప్పులు కుప్పలు. కానీ తప్పు చేసి, “సార్, ఇంకోటివ్వండి” అంటోంది. పరీక్ష గట్టెక్కింది. అవ్వ బడి మాన్పించనంది. అంతా పేరు మహిమేనట.

అసలు చిక్కు ఇప్పుడొచ్చింది. ఆరో తరగతిలో సగంమంది ఇళ్ళల్లో జావ ఉడుకుతోంది. హాజరు పిలిస్తే పలికే దిక్కులేదు. పొరపాటున పలికినవాళ్ళు నాలిక్కరుచుకుంటున్నారు. నిన్న ఒకడు, “సార్, పేరు మారింది కదా, ఎక్కాలు ఇంకెందుకు?” అన్నాడు.

ఆ గురువారం నువ్వు నిజంగా ఏం చేశావో రాయి. తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి చదివి వినిపిస్తా.

పెదనాన్న

తా.క. నీ పేరు మారిస్తే నీ చదువు పూర్తవుతుందేమో కనుక్కోమంది అవ్వ.

---

జోగ్‌జా

పెదనాన్నగారికీ, కూర్చుని వింటున్న పెద్దలందరికీ,

మూడు ప్రశ్నలకీ ఆ పిల్ల ఒకటే జవాబు చెప్పింది: “ఏమో.” తర్వాత, “మీరు లెక్కల సారు కదా, ఇది చెయ్యండి” అని పలక తోసింది. మూడింట రెండు వంతుల్ని సగంతో భాగించాలి. నేను గంభీరంగా గడ్డం నిమురుకుని, మూడో వంతు అని వేశాను.

ఆమె గిన్నెలో మూడింట రెండు వంతులు బియ్యం పోసి, సగం గిన్నె పట్టే చిప్పతో కొలిచింది. చిప్ప ఒకసారి నిండింది, ఇంకా మిగిలింది.

“ఒకటికన్నా ఎక్కువే వస్తోంది సార్. మీది తప్పు.”

“నాకు భిన్నాలెప్పుడూ సరిగ్గా రాలేదమ్మా” అన్నాను.

చిప్ప పక్కన పెట్టింది. “రానివాళ్ళు కూడా లెక్కల్లో ఉండొచ్చా?”

“నేనున్నాగా.”

సుద్దముక్క లాక్కుంది. చీకటిపడేదాకా ఇవ్వలేదు. అప్పటికింకా ఆమె మహేశ్వరే.

కాబట్టి పెద్దలారా, జావ తాగండి, పేర్లు ఉండనివ్వండి. నేను నిజంగా చేసిందొక్కటే: ఆ లెక్క తప్పు చేశాను.

దనాంగ్

తా.క. పిల్లకి ధైర్యం రావాలని కావాలనే తప్పు చేశానని రాద్దామనుకున్నాను. కావాలని చెయ్యలేదు.